లేచి తిరుగు

మా ఇంట్లో నాకు అనుమానపు పీనుగ అని పేరు. చిన్నప్పుడు పాలు పోసే ఆవిడ చెంబు వంచే తీరు చూసి నీళ్ళు ఏపాటి కలిపిందో చెప్పేదాన్ని. చుట్టం ఎవరైనా ఊరికే పలకరించిపోతే, అసలు వచ్చిన పని చెప్పకుండా వెళ్ళిపోయాడేమిటా అని సాయంత్రం దాకా ఆలోచించేదాన్ని. అలాంటి మనిషిని కడుపుతో ఉండగా పుట్టింటికి తీసుకొచ్చి, మధ్యగదిలో నవారు మంచం వేసి, ఎంతసేపు వీలైతే అంతసేపు పడుకోమన్నారు. పడుకున్న మనిషికి చుట్టుపక్కల వాళ్ళని గమనించడం తప్ప వేరే పనేముంటుంది?

తొంభైల చివర్లో సంగతి ఇది. మా ఆయన ఉద్యోగం రాజమండ్రిలో. మొదటి కాన్పు కాబట్టి ఏడో నెల రాగానే అమ్మ వచ్చి నన్ను రైలెక్కించుకుని నరసాపురం తీసుకొచ్చింది. అప్పటికే నాకు నిద్ర కరువైంది. బోర్లా పడుకోవడం ఎప్పుడో పోయింది. వెల్లకిలా పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఊపిరాడేది కాదు. ఎడమ వైపు తిరిగి పడుకోండి, బిడ్డకి అదే మంచిది అని ఊళ్ళో లేడీ డాక్టరుగారు చెప్పింది. చెప్పడానికేం, ఎడమ వైపే పడుకుంటే కాసేపటికి ఎడమ తుంటి నాది కాకుండా పోయేది. చెయ్యి తిమ్మిరెక్కేది. పోనీ కుడికి తిరుగుదామంటే ఛాతీలో మంట గొంతు దాకా ఎగదన్నేది.

ఇంట్లో ఉన్న బూరుగు దూది దిండ్లన్నీ నా మంచం మీదికే చేరాయి. తలకి ఒకటి, పొట్ట కింద ఒకటి, మోకాళ్ళ మధ్య ఒకటి. నాన్న తన పడక కుర్చీ కూడా నాకే వదిలేశాడు. అందులో వెనక్కి వాలి, కాళ్ళు ఎత్తు పీట మీద పెట్టుకుంటే కునుకు బాగానే పట్టేది గానీ, లేచేసరికి నడుం పట్టేసేది. నేల మీద పరుపు వేసుకుని చూశాను. పడుకోవడం హాయిగానే ఉంది, లేవాలంటే ఇద్దరు మనుషులు కావలసొచ్చారు. తిరిగి తిరిగి నవారు మంచానికే వచ్చాను.

ఆ మంచం దగ్గరే నా మొదటి అనుమానం పుట్టింది. అమ్మ లేసు అల్లేది. మా ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళలాగే వంట అయ్యాక దారపు ఉండ, కొక్కెం సూది పట్టుకుని కూర్చునేది. కూర్చోవడం ఎప్పుడూ వీధరుగు మీదే, వెలుతురు బాగుంటుందని. లోపల కూర్చుని అల్లితే కళ్ళు పోతాయని ఎదురింటావిడకి పాఠం చెప్పిన మనిషి, నేను వచ్చాక తన పీటని లోపలి గుమ్మం పక్కకి జరుపుకుంది. అక్కడ వెలుతురు లేదు, గాలి లేదు. కానీ అక్కడి నుంచి నా మంచం తిన్నగా కనబడుతుంది.

మంచం కిర్రుమంటే చాలు, తల ఎత్తకుండానే అమ్మ అనేది.

"లేచి తిరుగు."

ఎడమ నుంచి కుడికి మారాలంటే ఉన్నపళాన దొర్లకూడదు. ముందు లేచి కూర్చోవాలి, తర్వాత రెండో పక్కకి ఒరగాలి. పడుకునే దొర్లితే లోపల పేగు బిడ్డ మెడకి చుట్టుకుంటుందని మా వైపు పెద్దవాళ్ళు అంటారు. నడుం దగ్గర కుంగిన నవారు మీద నెలలు నిండుతున్న మనిషి లేచి కూర్చోవడం అంటే బురదలో దిగబడిన బండిని లాగడమే. మోచెయ్యి ఆనించి, పట్టె పట్టుకుని, ముందు కాళ్ళు కిందికి దించి, అప్పుడు నడుం ఎత్తాలి. ఆయాసం తీర్చుకోవాలి. దిండ్లన్నీ ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చుకోవాలి. ఇదంతా అయ్యేసరికి కాస్త పట్టబోయిన నిద్ర కాస్తా గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్ళిపోయేది.

అత్తగారింట్లో ఎవరైనా ఈ మాట అని ఉంటే పెద్దవాళ్ళ చాదస్తం అని ఊరుకునేదాన్ని. అన్నది మా అమ్మ. గ్రహణం పూట అందరూ తలుపులు మూసుకుంటే నింపాదిగా వంకాయలు తరిగిన మనిషి. పిల్లి ఎదురొచ్చిందని ఆగిపోయిన నాన్నని, పిల్లికి మాత్రం పనులుండవా అని వెక్కిరించిన మనిషి. బొప్పాయి తినకూడదు, మెట్ల మీద కూర్చోకూడదు అని ఇరుగమ్మలు వచ్చి నాకు చెబుతుంటే పక్కనుంచి కళ్ళతోనే నవ్వేది. అన్ని నమ్మకాలనీ చేటలో వేసి చెరిగేసిన మనిషి ఈ ఒక్కదాన్నే ఎందుకు దాచుకుంది?

ఆ మాటకొస్తే అమ్మ నిద్రలో ఒక వింత ఉండేది. మేం చిన్నప్పుడు తన పక్కనే పడుకునేవాళ్ళం, నేనూ, నా తర్వాత పుట్టిన తమ్ముడూ. గాజులు గలగలమంటే మెలకువ వచ్చేది నాకు. చూస్తే అమ్మ లేచి కూర్చుని ఉండేది. ఒక్క క్షణం అలా కూర్చుని, మళ్ళీ రెండో వైపుకి ఒరిగి పడుకునేది. మేం నిద్రపోయామో లేదో చూస్తోందని అప్పట్లో నా లెక్క. నేను గట్టిగా కళ్ళు మూసుకునేదాన్ని.

తర్వాతిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అమ్మ ఎదురుగానే డాక్టరుగారిని అడిగేశాను. ఆవిడ నవ్వింది. మీరు పక్క తిరగడానికీ పేగు చుట్టుకోవడానికీ ఏమీ సంబంధం లేదు, లోపల బిడ్డ కదులుతూ తనే చుట్టుకుంటుంది, చాలాసార్లు తనే విప్పుకుంటుంది, మీరు ఎలా వీలైతే అలా తిరగండి అంది. కేసు గెలిచినట్టు అమ్మ వైపు చూశాను. అమ్మ మొహంలో నవ్వు లేదు. నన్ను వెళ్ళి బయట బల్ల మీద కూర్చోమంది. తను లోపలే ఉండిపోయింది. నా తర్వాత రావాల్సిన ఇద్దరు ముగ్గురు విసుక్కునేదాకా బయటికి రాలేదు. వచ్చాక చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రిక్షాలో అడిగితే నలక పడిందంది. రెండు కళ్ళలోనూ ఒకేసారి పడే నలక ఏమిటో నాకు తెలియదు.

ఇక నాకు ఖాయమైపోయింది. నా బిడ్డకి ఏదో ఉంది. అది డాక్టరుగారికి తెలుసు, అమ్మకి తెలుసు, మొయ్యాల్సిన నాకు మాత్రం చెప్పడం లేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతిదీ నాకు సాక్ష్యంలాగే కనబడింది. ఎన్నడూ బజారు మొహం చూడని నాన్న తనే వెళ్ళి పండుగప్ప చేప తెచ్చాడు. నన్ను ఏడిపించకుండా అన్నం అరగని తమ్ముడు మర్యాదగా మంచినీళ్ళు అందించాడు. జబ్బు మనిషి దగ్గర మసలుకునే తీరు కాదా ఇది? బిడ్డ కాసేపు కదలకపోతే పొట్ట మీద వేలితో తట్టి చూసుకునేదాన్ని. కదిలితే మామూలుగా కదిలిందా, బాధతో కదిలిందా అని అనుమానం. భయం వేసేది. భయం వేస్తోందని ఎవరితో చెప్పినా నిజం చెప్పేస్తారేమోనని ఇంకా భయం.

ఇంకొకటి కూడా మొదలైంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నా వీపు వెనక ఏదో ఉండేది. పాత చీరలు రెండు మూడు కలిపి గట్టిగా చుట్టిన మూట, మెడ దగ్గర నుంచి నడుం దాకా ఆనించి ఉండేది. నేను పెట్టుకున్నది కాదు. ఎవరినీ అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతారు, కళ్ళతో చూస్తేనే నిజం. అన్నం తిన్నాక ఎడమ వైపు ఒరిగి, నిద్రపోయినట్టు ఊపిరి తీశాను. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. చెమట చెవి వెనక నుంచి జారుతున్నా కదల్లేదు.

అమ్మ వచ్చింది. పిల్లి నడక. చీరల మూట నా వెనక మెల్లగా దూర్చి, నేను వెనక్కి దొర్లడానికి వీల్లేకుండా మంచం పట్టెకి ఆనించింది. అంతటితో వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. విసనకర్ర తీసి విసరడం మొదలుపెట్టింది. నా వైపు కాదు, నా పొట్ట వైపు విసిరింది. కరెంటు వచ్చేదాకా అలా నిలబడే ఉంది. కళ్ళు తెరిచి దొంగని పట్టుకోవాలని పడుకున్న నేను, కళ్ళు తెరవలేకపోయాను.

మర్నాడు అమ్మ కూరల బండి దగ్గర ఉండగా ఒక్కదాన్నే రిక్షా మాట్లాడుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. నా బిడ్డకేమైందో నాకు చెప్పాలండి, నేను తట్టుకుంటాను అన్నాను. తట్టుకునే మనిషి మొహం కాదని ఆవిడకి తెలిసే ఉంటుంది. బల్ల ఎక్కించి మళ్ళీ పరీక్ష చేసింది. గుండె కొట్టుకోవడం నాకు వినిపించింది. బిడ్డ లక్షణంగా ఉందంది. మరి అమ్మ ఎందుకు ఏడ్చిందన్నాను.

"మీ అమ్మగారు అడిగింది మీ గురించి కాదమ్మా" అంది. అని, అనకూడని మాట అన్నట్టు చేతులు కడుక్కోవడానికి లేచిపోయింది.

బిడ్డ బాగుందన్న సంతోషం రిక్షా ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. నా గురించి కాకపోతే ఎవరి గురించి? అమ్మకే ఏదైనా రోగం వచ్చిందా? ఇంటికెళ్ళాక అమ్మని ఎగాదిగా చూడటం మొదలుపెట్టాను. ఎంత తింటోంది, ఎక్కడ ఆయాసపడుతోంది, నడుం మీద చెయ్యి ఎందుకు వేసుకుంది. నా మంచం మీద నుంచి నేను తనని, తన పీట మీద నుంచి తను నన్ను. మధ్యలో నాన్న దినపత్రిక చదువుకునేవాడు.

అసలు సంగతి తెలిసింది అమ్మ నోటి నుంచి కాదు, మా అత్తయ్యగారి నోటి నుంచి. అదీ ఆవిడ చెప్పాలని చెప్పింది కాదు. నన్ను చూడటానికని చీర, గాజులు, ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని వచ్చారు. అమ్మ కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళింది. అత్తయ్యగారు నా మంచం పక్కన కూర్చుని, తన చెల్లెలి కొడుక్కి సంబంధం కుదిరినా ముహూర్తం కుదరక ఎలా అవస్థ పడుతున్నారో చెప్పుకొచ్చారు. అమ్మాయి వాళ్ళకి జ్యేష్ఠంలో తప్ప వీలుకాదట. పిల్లాడూ తొలిచూలే, పిల్లా తొలిచూలే. అలాంటి ఇద్దరికి జ్యేష్ఠ మాసంలో ముడిపెట్టకూడదు కదా.

"మీకా బాధ లేకపోయిందమ్మాయ్. మా వాడు తొలిచూలైనా నువ్వు కాదు కదా. మీ అమ్మగారు పంతులుగారికి ముందే చెప్పేశారు" అన్నారు.

మా పెళ్ళి జ్యేష్ఠంలోనే అయింది. మా ఆయన ఇంటికి పెద్దకొడుకు. నేను పెద్దకూతురిని. పంతులుగారు అభ్యంతరం చెప్పకపోతే ఆయనకి పట్టింపు లేదేమో అనుకున్నాను. కాదు, నాన్న ఆయన్ని ఎలాగో ఒప్పించి ఉంటాడని అప్పట్లోనే అనుమానపడ్డాను కూడా. తొలిచూలు అంటే ఇంట్లో పెద్దబిడ్డ అనే అనుకుంటూ వచ్చాను అన్నాళ్ళూ. చూలు అంటే కడుపు. తొలిచూలు అంటే తల్లి మొదట మోసిన కడుపు. ఆ బిడ్డ ఇంట్లో తిరగాలనేం లేదు. చేతిలో ఉన్న పూతరేకు పొడిపొడిగా నలిగి చీర మీద పడింది. అత్తయ్యగారు, అయ్యో, అదిమి పట్టుకోకూడదమ్మాయ్ అని దులిపారు.

ఆవిడ సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నం, నాన్న ఇంట్లో లేని సమయం చూసి, మంచం మీద లేచి కూర్చుని అడిగాను.

"అమ్మా, నాకంటే ముందు ఎవరు?"

అమ్మ కొక్కెం ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"ఆడపిల్లేనే" అంది.

తర్వాత అంతా మెల్లగా, అల్లిక లెక్క తప్పకుండా చెబుతున్నట్టు చెప్పింది. నెలలు నిండాకే పుట్టింది. ఈ మధ్యగదిలోనే. ఏడవలేదు. పేగు మెడకి బిగిసిపోయి ఉందని మంత్రసాని చెప్పింది. నాయనమ్మ గదిలోంచి బయటికెళుతూ, ఇది పడుకుని దొర్లి ఉంటుంది అందట. అంతే అందట. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదట. రోజూ అని ఉంటే ఎదురుతిరిగి పోట్లాడేదాన్నేమో, ఒక్కసారే అనేసింది అని చెప్పింది అమ్మ. నాయనమ్మ ఫోటో మా తలల మీదే ఉంది, గంధపు దండ వేసుకుని. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ పూట నాకొచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

"దొర్లావా?" అన్నాను.

"గుర్తులేదు. మెలకువలో అయితే దొర్లలేదు. నిద్రలో సంగతి నాకేం తెలుసు?"

పాతికేళ్ళుగా అమ్మ ఆ నిద్రలోకి వెళ్ళి చూసుకుంటోంది. దొర్లిందా, దొర్లలేదా. రాత్రిళ్ళు గాజుల చప్పుడు ఎందుకు వినబడేదో, కడుపులో ఎవరూ లేని మనిషి పక్క మారాలంటే లేచి కూర్చోవడం ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. డాక్టరుగారిని లోపల అడిగింది కూడా అదే. నిద్రలో దొర్లితే చుట్టుకుంటుందా అని.

కాదని చెప్పింది కదా ఆవిడ, నేను విన్నాను కదా అన్నాను.

"ఆవిడ మంచిదే. నా మొహం చూసి అలా అని ఉంటుంది" అంది అమ్మ.

ఈ అనుమానం బుద్ధి నాకు ఎవరి నుంచి వచ్చిందా అని మా ఇంట్లో ఎప్పుడూ వాదన. నాన్న వైపు వాళ్ళదని అమ్మ అనేది.

ఆ రోజు నుంచి నేను ఒక్కసారి కూడా పడుకుని దొర్లలేదు. డాక్టరుగారి మాట నమ్మాను, పూర్తిగా నమ్మాను. అయినా మోచెయ్యి ఆనించి, పట్టె పట్టుకుని, మూలుగుతూ లేచి కూర్చునే తిరిగాను. నా బిడ్డకేమైనా అయితే, దొర్లిందా లేదా అని కుమలడానికి అమ్మ దగ్గర ఇంకో పాతికేళ్ళు లేవు. చీరల మూట తనే తెచ్చి దూర్చేది, ఇప్పుడు దొంగతనంగా కాదు. గట్టిగా ఆనించమ్మా అని నేనే అడిగేదాన్ని. తన పీట మాత్రం గుమ్మం దగ్గరే ఉంది.

జ్యేష్ఠంలోనే పుట్టింది నా కూతురు. మిట్టమధ్యాహ్నం. ఏడుపు వినబడటానికి కాస్త ఆలస్యమైంది. ఆ కాస్తలో నేను ఎంత చచ్చానో చెప్పలేను. డాక్టరుగారు తర్వాత నా చెంప తట్టి, మెడకి ఒక చుట్టు ఉందమ్మా, వేలితో తీసేశాను, చాలామంది పిల్లలకి ఉంటుంది, ఏం కంగారు లేదు అని చెప్పింది. నా కంగారు పిల్ల గురించి కాదు. బయట తలుపు దగ్గర నిలబడి ఉన్న అమ్మకి ఈ మాట చెప్పాలా, దాచాలా అని. చెబితే ఏమవుతుందో. దాస్తే, దాచిన సంగతి ఆవిడ నా మొహంలో పట్టేస్తుంది.

నాకా శ్రమ లేకుండా ఆయా చేసేసింది. పిల్లని గుడ్డలో చుట్టి బయటికి తీసుకెళుతూ, గుమ్మంలోనే అందరికీ వినబడేలా చెప్పింది.

"పాప పేగు మెళ్ళో ఏసుకుని పుట్టిందండీ. మేనమామగారు ముందు నూనెలో మొహం చూడాలండి. అందాకా ఎదురుగా చూడకూడదండి."

అలా పుట్టిన పిల్లని మేనమామ తిన్నగా చూస్తే అతనికి కీడని నమ్మకం. ఎవరో పరుగెత్తి నూనె గిన్నె తెచ్చారు. తమ్ముడు అందులోకి తొంగి చూసి, ఏమీ కనబడటం లేదు, నా మీసాలే కనబడుతున్నాయి అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ నవ్వు వినబడలేదు.

నన్ను గదిలోకి మార్చాక అమ్మ వచ్చింది. పిల్లని ఎత్తుకోలేదు. నా మంచం పక్కన నిలబడి, నాకే వినబడేలా అడిగింది.

"నిజం చెప్పవే. దొర్లావా?"

"నువ్వే కదా కాపలా ఉన్నావు" అన్నాను.

"నిద్రలో?"

"నిద్రలో దొర్లకుండా వెనక మూట పెట్టింది ఎవరు?"

అమ్మ నన్ను చూసింది. నేను అబద్ధం చెప్పేటప్పుడు ఎడమ కనుబొమ ఎత్తుతానని తనకి తెలుసు, అదే చూస్తోందని నాకు తెలుసు. చాలాసేపు చూసింది. నా మాట మీద నమ్మకం కుదరక, తన కాపలాని తనే గుర్తు చేసుకుంటున్నట్టుంది. గుమ్మం దగ్గర పీట, మంచం కిర్రుమన్న ప్రతిసారీ ఎత్తిన గొంతు, రోజూ తనే దూర్చిన చీరల మూట. డాక్టరుగారి మాటని మంచితనం అని కొట్టిపారేసింది. నా మాటని ప్రేమ అని కొట్టిపారేయగలదు. తను కళ్ళతో చూసినదాన్ని ఏమని కొట్టిపారేస్తుంది?

"అయినా చుట్టుకుందా" అంది. నన్ను అడగలేదు.

అప్పుడు పిల్లని ఎత్తుకుంది. మెడ చుట్టూ ఒకసారి వేలితో రాసి చూసింది. ఏడ్చింది, గట్టిగానే, పక్క గదిలో వాళ్ళు తొంగి చూసేంత. నేను ఆపమనలేదు.

రెండో రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ నా మంచం పక్కన నేల మీద చాప పరుచుకుంది. పిల్ల నిద్రపోతోంది. ఫ్యాను తిరుగుతోంది. అమ్మ ఎడమ వైపు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని, చూస్తుండగానే నిద్రలోకి జారిపోయింది. నాకు కుట్ల నొప్పికి నిద్ర పట్టక కిందికే చూస్తున్నాను. కాసేపటికి అమ్మ కదిలింది. గాజులు గలగలమన్నాయి. లేస్తుందనుకున్నాను.

లేవలేదు. పడుకునే, కాళ్ళు కొంచెం ముడుచుకుని, కుడి వైపుకి తిరిగింది.

నిజంగా నిద్రలోనే తిరిగిందా, నేను చూస్తున్నానని తిరిగిందా అని మంచం అంచు మీదికి వంగి మొహం చూశాను. కళ్ళు మూసుకునే ఉన్నాయి.